మెనూ తెర మీద ఒక ప్రార్థన

ఒక స్వరకర్త గురించి చెప్పుకోవాలి.

2005లో ‘సివిలైజేషన్ 4’ అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది. ఆట మొదలయ్యేముందు మెనూ కనిపిస్తుంది, దాని వెనక అంతరిక్షంలో భూగోళం. ఆడేవాళ్లకు అక్కడ పని ఒక్కటే, బటన్ నొక్కి ముందుకెళ్లిపోవడం. ఆ కాసేపటి కోసం పాట కట్టినవాడు క్రిస్టఫర్ టిన్. గేమ్ రూపకర్త సోరెన్ జాన్సన్, టిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒకే గదిలో ఉండేవారు.

సింథసైజర్ మీద ఏదో బాణీ వాయించి చేతులు దులుపుకున్నా అడిగేవాళ్లు లేరు. టిన్ స్వాహిలీ భాషలోని పరలోక ప్రార్థన తీసుకున్నాడు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు సైతం కంఠతా వచ్చే ప్రార్థనే అది. పాట పేరు ‘బాబా యేటు’. స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల గాయకబృందం టాలిస్‌మన్ పాడింది. ఒక గొంతు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, మన భజనల్లోలాగే.

వినేవాళ్లు ఎంతసేపు వింటారో లెక్కవేసి ఆయన శ్రమను తగ్గించుకోలేదు. అది పెద్ద విషయం.

పాటను అక్కడితో వదల్లేదు కూడా. 2009లో ‘కాలింగ్ ఆల్ డాన్స్’ ఆల్బమ్‌ను దానితోనే మొదలుపెట్టాడు. పన్నెండు పాటలు, పన్నెండు భాషలు; పగలు, రాత్రి, ఉషస్సు అని మూడు భాగాలు. సంస్కృతం వంతుకు భగవద్గీత వచ్చింది. ఈసారి ‘బాబా యేటు’ పాడింది దక్షిణాఫ్రికాకు చెందిన సోవెటో గాస్పెల్ కోయిర్. రెండు రూపాలూ వరుసగా వినండి, ఒకే బాణీ గొంతులు మారితే ఎంత విస్తరిస్తుందో తెలుస్తుంది. 2011 ఫిబ్రవరిలో ఆల్బమ్‌కొకటి, ఆ పాటకొకటి గ్రామీలు వచ్చాయి. గేమ్ కోసం పుట్టిన పాటకు గ్రామీ దక్కడం అదే మొదలు.

2016లో ‘సివిలైజేషన్ 6’ కోసం, ఎగరడం గురించి లియొనార్డో డావిన్చి రాసుకున్న మాటల్ని బృందగానంగా మలిచాడు. ఆ పాట చేరిన ‘టు షివర్ ద స్కై’ ఆల్బమ్ కోసం శ్రోతలు కిక్‌స్టార్టర్‌లో 2,21,415 డాలర్లు పోగుచేశారు.

మరో స్వరకర్త వదిలివెళ్లిన పని కూడా టిన్ చేతికి వచ్చింది. ఇటలీ స్వరకర్త పుచ్చీని 1924లో కన్నుమూయడంతో ఆయన ఆపెరా ‘తురందోత్’ అసంపూర్తిగా ఆగిపోయింది. వేరే స్వరకర్త పూర్తిచేసిన ముగింపుతోనే దాన్ని ఎన్నో దశాబ్దాలుగా ప్రదర్శిస్తూ వచ్చారు. కొత్త ముగింపు కట్టే బాధ్యతను వాషింగ్టన్ నేషనల్ ఆపెరా టిన్‌కు అప్పగించింది. సుసాన్ సూన్ హీ స్టాంటన్ మాటలు రాశారు. 2024 మేలో ఆ ముగింపుతో ‘తురందోత్’ వేదికెక్కింది.