అతుకు తడిమి చూడండి



వంటా, కుట్టూ వదిలేసి ఈవిడ ఆటరైలు గురించి మాట్లాడుతుందేమిటా అని నవ్వుకోకండి. పిల్లలున్న ఇంట్లో తగువు ఎక్కడ మొదలవుతుందో మీకూ తెలుసు కదా!

జర్మనీలో ఉంటున్న మా అన్నయ్య కిందటి వేసవిలో వస్తూ మా అబ్బాయికి కరెంటుతో నడిచే రైలు తెచ్చాడు. హెచ్.ఓ. సైజంటారు. అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. పాత తలుపు చెక్కని రెండు స్టూళ్ల మీద వేసి, దానిమీద వాడు పట్టాలు పరిచాడు. రెండు రోజులు ముచ్చటగా తిరిగింది. మూడోనాటి నుంచి మలుపులో ఒకే అతుకు దగ్గర పట్టా తప్పడం మొదలెట్టింది. "ఇంజనే చెత్తది" అంటాడు వాడు. "నువ్వే దూకుడుగా తోలుతున్నావు" అంటాను నేను. ఓ సాయంత్రం ఇంజను కాస్తా కిందపడి ముందు బఫరు విరిగింది. అంత ఖరీదైన వస్తువని నాకు కోపమొచ్చి, వాడి వీపు మీద ఒక్కటిచ్చి, అంతా పెట్టెలో పడేసి అటకెక్కించాను. వారం రోజులు వాడు నాతో సరిగా మాట్లాడలేదు.

మా మామయ్యగారు రైల్వేలో పట్టాల మరమ్మతు పని చేసి రిటైరయ్యారు. "అమ్మాయ్, ఆ పెట్టె ఓసారి దింపించు. బండి పడితే మేం బండినొక్కదాన్నే తిట్టేవాళ్లం కాదు, బాట కూడా చూసేవాళ్లం" అన్నారు.

మనవడిచేత పట్టాలు మళ్లీ పరిపించి, వేలిగోరుని పట్టా పైన, తరవాత లోపలి అంచు వెంట నెమ్మదిగా జరిపారు. ఆ అతుకు దగ్గర గోరు టక్కున ఆగింది. ఒక పట్టా కొస వెంట్రుకవాసి లోపలికి పొడుచుకొచ్చి ఉంది. చక్రం అంచు దానికి తగిలి పైకెక్కుతోందన్నమాట! మేమేమో ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంజన్ని తిట్టుకున్నాం.

ఆయన చేయించిన పద్ధతి ఇది. ముందు ప్లగ్గు తీసెయ్యాలి. రెండు కొసల్నీ కలిపే చిన్న రేకు తొడుగులోకి పట్టాలు రెండూ సరిగా దూరాయో, ఒకటి దాని మీదకెక్కి కూచుందో చూడాలి. తొడుగు వదులైతే పట్టకారుతో కాస్త నొక్కాలి. అప్పటికీ గోరుకి తగిలితే, సన్న ఆకురాయితో పై అంచునీ, లోపలి అంచునీ రెండు మూడుసార్లు తాకీ తాకనట్టు రాయాలి. ఎక్కువ రాస్తే గుంట పడుతుంది. రజను తుడిచెయ్యాలి. అంట్లు తోమే ఇనప పీచు మాత్రం వద్దు. దాని తునకలు మోటారులోని అయస్కాంతానికి అంటుకుని ఇంజను పాడవుతుంది.

"అన్ని అతుకులకీ టంకం పెట్టేస్తే పీడా వదులుతుంది కదండీ" అన్నాను. ఆయన నవ్వారు. 13 మీటర్ల ఉక్కు పట్టా, వేడి 30 డిగ్రీలు పెరిగితే 4 మిల్లీమీటర్ల పైన సాగుతుందిట. చోటు లేకపోతే పక్కకి వంగిపోతుంది. అందుకే అతుకుల్లో సందు వదిలేవారు. మనం విన్న టకటక చప్పుడు అదే. ఇప్పుడు చాలా చోట్ల పొడుగాటి పట్టాలు వెల్డింగు చేసి, కదలకుండా బిగించి ఉంచుతున్నారు. ఆటరైలుకి అంత బిగింపు ఉండదు. పైగా కింది చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. కనక తిన్నని చోట ఒకటి రెండు అతుకుల్లో పోస్టుకార్డు మందం సందు ఉంచాలి. సందున్నా ఫరవాలేదు, ఎత్తుపల్లాలు ఉండకూడదు.

ఆ సాయంత్రం బండి ఇరవై చుట్లు తిరిగింది, ఒక్కసారీ పడలేదు. "తప్పు నాదే నాన్నా" అన్నాను. "చూశావా అమ్మా, నేను మెల్లిగానే తోలాను" అన్నాడు వాడు. బఫరు అతికించాం కానీ అతికిన గుర్తు మాత్రం పోలేదు.

పిల్లల ఆటవస్తువు చెడితే చెయ్యి ఎత్తేముందు ఓసారి అతుకు తడిమి చూడండి. సెలవు.