కరచాలనం నుంచి కక్ష్య దాకా: దేశాధినేతల సమావేశాల్లో లాంఛనం, సారం

ఇద్దరు దేశాధినేతలు కలిసినప్పుడు లోకానికి కనిపించేది లాంఛనం: గౌరవ వందనం, కరచాలనం, విందు, సంయుక్త ప్రకటన. సారం వేరే చోట ఉంటుంది. ఏ పని ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి, పరిజ్ఞానం ఎంతవరకు ఇచ్చిపుచ్చుకోవాలి అన్నవి తేలితేనే ఆ భేటీకి ఫలితం దక్కినట్టు. చాలా రంగాల్లో ఈ తేడా ఏళ్లు గడిచినా తేలదు. అంతరిక్ష రంగంలో మాత్రం మాటకూ చేతకూ మధ్య ఉన్న దూరం శ్రీహరికోట ప్రయోగ వేదిక మీద బయటపడుతుంది.

సతీష్ ధవన్ 1972 నుంచి 1984 వరకు ఇస్రోకు సారథ్యం వహించారు. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద కక్ష్యకు చేరింది. ఆ స్నేహహస్తాన్ని అందుకుంటూనే ఇస్రో సొంత రాకెట్ పనిని ఆపలేదు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టింది. బయటి సాయం, సొంత సామర్థ్యం రెండూ జోడుగా సాగాలన్న ఈ పద్ధతి విలువ ఎంతటిదో తర్వాతి దశాబ్దంలో తెలిసివచ్చింది.

1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఇస్రో ఒప్పందం చేసుకుంది. క్రయోజెనిక్ ఇంజిన్లతో పాటు వాటిని తయారుచేసే పరిజ్ఞానాన్నీ ఇవ్వాలన్నది అందులోని షరతు. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ను, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్‌ను అదుపులో ఉంచి మండించే విద్య అది. క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ నిబంధనలను కారణంగా చూపి అమెరికా 1992 మేలో రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. 1993 జనవరిలో ఢిల్లీ వచ్చిన రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్ట్‌సిన్, ప్రధాని పి.వి. నరసింహారావుతో మైత్రీ ఒప్పందం కుదుర్చుకున్నారు. రాకెట్ ఒప్పందానికి కట్టుబడి ఉంటామనీ చెప్పారు. ఆరు నెలలు తిరగకుండానే, జులైలో, రష్యా అమెరికా ఒత్తిడికి తలొగ్గింది. పరిజ్ఞానం బదిలీ రద్దయింది, తయారైన ఇంజిన్ దశలు మాత్రం ఏడు వచ్చాయి.

అధినేత ఇచ్చిన మాట ఆయన దేశ అవసరాలు అనుమతించినంత కాలమే నిలుస్తుందని ఈ ఘట్టం నేర్పింది. రష్యా దశతో తొలి జీఎస్‌ఎల్‌వి 2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి లేచింది. సొంత క్రయోజెనిక్ దశతో 2010 ఏప్రిల్ 15న చేసిన ప్రయోగం విఫలమైంది. 2013 ఆగస్టు 19న మరో రాకెట్ వేదిక మీద సిద్ధంగా ఉండగా రెండో దశలో ఇంధనం కారుతున్నట్టు గుర్తించి కౌంట్‌డౌన్ ఆపేశారు. ఆ దశను మార్చి కొత్తది అమర్చారు. 2014 జనవరి 5న ఆ రాకెట్ విజయం సాధించింది. మైత్రీ ప్రకటన ఇవ్వలేకపోయినదాన్ని రెండు దశాబ్దాల పట్టుదల ఇచ్చింది.

అమెరికాతో సంబంధం దీనికి భిన్నమైన దారిలో నడిచింది. 1998 అణుపరీక్షల తర్వాత ఇస్రో విభాగాలు అమెరికా ఎగుమతి ఆంక్షల జాబితాకెక్కాయి. 2004 జనవరిలో వాజపేయి, జార్జి బుష్ ప్రకటించిన సహకార ప్రణాళికలో పౌర అంతరిక్ష రంగమూ చేరింది. 2006 మేలో బెంగళూరులో ఇస్రో, నాసా అధిపతులు చంద్రయాన్-1 ఒప్పందాల మీద సంతకాలు చేశారు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-1 రెండు నాసా పరికరాలను మోసుకెళ్లింది. వాటిలో ఒకటి చంద్రుడి మీద నీటి జాడలను పట్టిచ్చింది. ఆంక్షల జాబితా నుంచి ఇస్రో సంస్థలు బయటపడింది 2011 జనవరిలో. కలిసి చేసిన పని ముందు నడిచింది, కాగితం మీది నిబంధన వెనక సడలింది.

లాంఛనమూ సారమూ ఒకే పథకంలో పెనవేసుకున్న సందర్భం దక్షిణాసియా ఉపగ్రహం. 2014 జూన్ 30న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వి-సీ23 ప్రయోగం చూసిన ప్రధాని నరేంద్ర మోదీ, సార్క్ దేశాల కోసం ఒక ఉపగ్రహం తయారుచేయమని శాస్త్రవేత్తలను కోరారు. పాకిస్తాన్ వైదొలగింది. 2017 మే 5న జీఎస్‌ఎల్‌వి-ఎఫ్09 ఆ ఉపగ్రహాన్ని తీసుకెళ్లినప్పుడు ఆరు పొరుగు దేశాల నేతలు వీడియో ద్వారా ఒకే తెర మీద కనిపించారు. 2014 నాటి కాఠ్మాండూ సమావేశం తర్వాత సార్క్ శిఖరాగ్రం మళ్లీ జరగనేలేదు, కాబట్టి ఐక్యతా చిత్రంగా దాని విలువ పరిమితమే. అయితే అందిన సాయాన్ని పునాదిగా చేసుకున్న దేశానికి అది సారమే అయింది. 2019లో థింపూలో భూకేంద్రం తెరుచుకుంది. భూటాన్ ఇంజినీర్లు బెంగళూరులో శిక్షణ పొందారు. 2022 నవంబరు 26న భారత్-భూటాన్ ఉమ్మడి ఉపగ్రహం శ్రీహరికోట నుంచే కక్ష్యకు చేరింది.

అన్నిటికన్నా నిండైన ఉదాహరణ ఇస్రో, నాసాల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్. 2014 సెప్టెంబరు 30న మోదీ, బరాక్ ఒబామా వాషింగ్టన్‌లో సమావేశమయ్యారు. అదే రోజు టొరంటోలో ఇస్రో అధ్యక్షుడు కె. రాధాకృష్ణన్, నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్ ఈ ఉపగ్రహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఎల్-బ్యాండ్ రాడార్, 12 మీటర్ల యాంటెన్నా నాసావి. ఎస్-బ్యాండ్ రాడార్, ఉపగ్రహ చట్రం, రాకెట్ ఇస్రోవి. మడిచిపెట్టిన యాంటెన్నా ఎండకు ఎక్కువగా వేడెక్కవచ్చని లెక్కల్లో తేలడంతో దాన్ని కాలిఫోర్నియాకు తిప్పి పంపి, వేడిని తిప్పికొట్టే పూత వేయించి, మళ్లీ బెంగళూరు తెప్పించారు. ప్రయోగం ఏడాదికి పైగా వెనకబడింది. సంయుక్త ప్రకటనల్లో చోటు దొరకని ఇలాంటి పనే సహకారానికి అసలు రూపం. 2025 జులై 30న జీఎస్‌ఎల్‌వి-ఎఫ్16 నైసార్‌ను కక్ష్యలో పెట్టింది. ఒకప్పుడు ఏ క్రయోజెనిక్ విద్య భారత్‌కు అందకూడదని అమెరికా అడ్డుకుందో, అదే విద్యతో దేశంలోనే తయారైన ఇంజిన్ అమెరికా రాడార్‌ను పైకి మోసింది.

లాంఛనం వ్యర్థమని ఈ చరిత్ర చెప్పదు. నేతల భేటీ తలుపు తెరుస్తుంది, అధికారులకు గడువు పెడుతుంది, ప్రభుత్వాలు మారినా పథకానికి అండ మిగులుస్తుంది. ఆ తలుపు గుండా పని నడిచిందో లేదో మూడు ప్రశ్నలు తేలుస్తాయి: బాధ్యతలు పేరుపేరునా పంచుకున్నారా? రెండు వైపులా డబ్బు, మనుషులు కేటాయించారా? ఒక పక్షం మాట తప్పినా రెండో పక్షం నిలదొక్కుకునేంత సొంత శక్తి ఉందా? 1993లో మొదటి రెండూ కాగితం మీద ఉన్నాయి, మూడోది లేదు. 2014 నాటికి మూడూ సమకూరాయి.