సాగు ఒకరిది, సాయం ఇంకొకరికి



బాసర దాటితే ధర్మాబాద్. మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లాలో ఉంది. 1956 దాకా ఆ ప్రాంతం కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందుకే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు ఊళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, వియ్యాలు అటూ ఇటూ నడుస్తాయి.

2018 మేలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టింది. పంటకు ఎకరాకు 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 8,000. సరిహద్దు అవతలి రైతుకు అలాంటిదేమీ లేదు. ఆ ఏడాదే ధర్మాబాద్ తాలూకాలోని పలు గ్రామాల సర్పంచులు తమను తెలంగాణలో కలపమని అడిగారు. 2019 సెప్టెంబరులో నాందేడ్ నాయకులు హైదరాబాద్ వచ్చి ముఖ్యమంత్రినే కలిశారు. ఇవతల ఉన్న మనకు ఆ వార్త ముచ్చటగానే అనిపించింది.

కానీ లెక్క విప్పి చూద్దాం. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి 8,000. పదెకరాలున్నవాడికి 80,000. పైన పరిమితి ఏదీ పెట్టలేదు. ఆ పదెకరాలను కౌలుకు తీసుకుని, అప్పు చేసి విత్తనం కొని, మందు కొట్టి, పత్తి తీసినవాడికి ఎంత? సున్నా. పాస్‌పుస్తకం అతని పేరున లేదు మరి! భూమి యజమాని పట్నంలో ఉన్నా, అమెరికాలో ఉన్నా డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది. కౌలు సొమ్ము కూడా ఆయనకే చేరుతుంది.

నాందేడ్ వైపు ఇంతకంటే మేలుగా ఏమీ లేదు. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం కిసాన్ కింద కుటుంబానికి ఏడాదికి 6,000. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం మరో 6,000 కలిపింది. అక్కడ పాస్‌పుస్తకం బదులు 'సాత్‌బారా' అడుగుతారు. కాగితం పేరు మారిందంతే. అందులో పేరు లేని కౌలుదారును ఆ పథకమూ రైతుగా చూడదు.

బతికున్నప్పుడే కాదు. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా, పట్టాదారు చనిపోతే ఆ ఇంటికి 5 లక్షలిస్తుంది. కౌలురైతు అప్పుల పాలై మందు తాగితే? అతని భార్యకు మిగిలేది వడ్డీ వ్యాపారి మాత్రమే.

మన పల్లె సంఘాల్లో ఎక్కువమంది ఎవరు? కూలీలు, కౌలుదారులు. రూతు కథ మనకు తెలియనిది కాదు. పరదేశి, విధవరాలు, సెంటు భూమి లేదు. అయినా పరిగె ఏరుకోవడం ఆమెకు ధర్మశాస్త్రమిచ్చిన హక్కు. పొలం గట్టు మీద ఎవరూ ఆమెను పట్టా అడగలేదు.

2025 జనవరిలో రైతు భరోసా వచ్చింది. పంటకు ఎకరాకు 6,000. ఎన్నికల ముందు కౌలురైతులకూ ఇస్తామన్నారు, తీరా వచ్చేసరికి మళ్లీ పట్టాదారుకే. అదే రోజు భూమిలేని ఉపాధి కూలీల కుటుంబాలకు ఏడాదికి 12,000 ప్రకటించారు. చిన్నదే అయినా ఇది కొత్త దారి. ఇక్కడ రుజువు పట్టా కాదు, చేసిన పని దినాలు.

కౌలురైతుకు ఆ దారి ఎందుకు ఉండదు? ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన చట్టం ప్రకారం సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వవచ్చు. యువకులారా, వచ్చే గ్రామసభలో అడగవలసింది ఆ కార్డు గురించే. మన సంఘాల్లో భూమి కౌలుకిచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఈసారి ఖాతాలో పడ్డ సొమ్మును కౌలులో తగ్గించుకోవచ్చు. దానికి ఏ జీవో అక్కర్లేదు.