బిడ్డల కేన్సరు: రోగమొకటే, దక్కే బతుకులు వేరు
(కూలీల సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



కేన్సరంటే బీడీ తాగేవాళ్ళకో, ముసలాళ్ళకో వచ్చేదనుకుంటాం. పాలు తాగే బిడ్డకూ వస్తుంది. 19 ఏళ్ళలోపు పిల్లల్లో ఏటా దాదాపు 4 లక్షలమందికి వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తల్లి చేసిన తప్పు కాదు, పూర్వజన్మ పాపం అసలే కాదు. పక్కన కూచుంటే అంటుకోదు. అంటు సంగతి మనకి ఒకరు చెప్పాలా!

వయసునుబట్టి రోగం మారుతుంది. అయిదేళ్ళలోపు బిడ్డకు కంట్లో గడ్డ రావచ్చు. నల్లగుడ్డు మధ్య పిల్లికన్నులాగా తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు చూసినరోజే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. మొదట్లో పట్టుకుంటే ప్రాణమూ, చాలాసార్లు చూపూ దక్కుతాయి. ఆలస్యమైతే కన్ను తీసెయ్యాలి. పదేళ్ళు దాటి ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గర ఎముకలో వస్తుంది. ఆటలో దెబ్బ తగిలిందని నాటుకట్టు కట్టించి నెలలు పోగొడతాం. తగ్గని వాపు, రాత్రిళ్ళు నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించండి.

అన్నిటికన్నా ఎక్కువ రక్త కేన్సరు, ఇంచుమించు మూడోవంతు. విడవని జ్వరం, పాలిపోయిన మొహం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ళ నెత్తురు. ఆరెంపీ టైఫాయిడంటాడు, సెలైను పెడతాడు. (అతన్ని తిట్టి లాభంలేదు, మన వాడకొచ్చే డాక్టరు అతనొక్కడే.) చాలాసార్లు మామూలు రక్తపరీక్షలోనే అనుమానం బయటపడుతుంది.

ధనిక దేశాల్లో ఈ పిల్లలు నూటికి 80 మందికిపైగా బతుకుతున్నారు. చాలా పేద దేశాల్లో 30 మంది కూడా దక్కడంలేదు. మందులు చాలామటుకు పాతవే, తెలిసినవే. రక్త కేన్సరు వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. కొన్ని నెలలకే బిడ్డ తేరుకుని ఆడుకుంటుంది. ఇటు కూలి పోతోంది, బస్సు చార్జీలకు అప్పు. ఇక చాల్లే అని మానేస్తాం, రోగం తిరగబెడుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్యానికి ఇస్తుంది, పోయిన కూలికి ఇవ్వదు.

ఇంకొకటి, మనలో మనం మాట్లాడుకోవాల్సింది. మన దేశంలో ఆసుపత్రికొచ్చే కేన్సరు పిల్లల్లో మగపిల్లలే బాగా ఎక్కువ. కొన్ని రకాలు వాళ్ళకు ఎక్కువొచ్చేమాట నిజమే. మిగతా తేడా మాత్రం ఆడపిల్లని ఇంట్లోనే ఉంచేసినందువల్ల వచ్చింది. పెత్తందార్లని నిలదీసే నోటితోనే ఇది మన ఇళ్ళల్లోనూ అడగాలి.

వైద్యం నడుస్తున్న బిడ్డ ఉంటే, మళ్ళీ పోవాల్సిన తారీఖు సంఘం పుస్తకంలో రాసుకోండి. ఆ రోజు తల్లితో ఒకరు బస్సెక్కండి. చార్జీలు అందరం వేసుకుందాం. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి సర్కారుదే. రేషను కార్డు, ఆధారు, పాత చీటీలన్నీ సంచిలో పెట్టుకుని పోవాలి.