చెట్టుమందేగా అనుకోవద్దు

 

"చెట్టుమందేగా, ఏం చేస్తుంది?" అని మన ఇళ్లలో అంటుంటాం. జపాన్‌లోనూ చాలామంది అలాగే అనుకున్నారు. అక్కడ కాలేయ జబ్బుకు 'షో సైకో టో' అనే ఏడు మూలికల మందును డాక్టర్లే రాసేవారు. 1994 నుంచి రెండేళ్లలో ఆ మందు వాడిన 88 మందికి ఊపిరితిత్తులు వాచాయని, వారిలో 10 మంది చనిపోయారని తేలింది. 1996 మార్చిలో ప్రభుత్వం అత్యవసర హెచ్చరిక జారీ చేసింది.

ఈ జబ్బు పొడిదగ్గు, జ్వరం, ఆయాసంతో మొదలవుతుంది. మామూలు జలుబేనని మందు కొనసాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆపి డాక్టరుకు చూపిస్తే కోలుకునే అవకాశం ఎక్కువ.

మూలికావైద్యాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ డాక్టరు కోప్పడతారని పేదింటివాళ్లు కషాయం, చూర్ణం సంగతి దాచేస్తారు. మీ విరాళాలతో మనం రోగులకు మందులు కొనిస్తున్నాం. ఇకనుంచి వైద్యసహాయం దరఖాస్తులో ఒక్క ప్రశ్న చేర్చమని కమిటీని కోరుతున్నాను: "ఇంకేం మందులు వాడుతున్నారు?"

అడగడానికి పైసా ఖర్చు లేదు. అడిగేటప్పుడు మాత్రం కసురుకోకుండా అడుగుదాం.