ముందు ఎవరికి ఇవ్వాలి?



2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగింది. విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. పడవలొచ్చాయి, హెలికాప్టర్లూ వచ్చాయి. కానీ ఏ సందులో పసిపిల్లలున్నారు? ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉంది? అది మనుషులే కనుక్కోవాలి. ఎందరో యువతీ యువకులు ఆ పనికి కదిలారు.

పాల పొట్లాలు కొన్నే. చాచిన చేతులు బోలెడు. ముందు ఎవరికి ఇవ్వాలి? అక్కడికక్కడ తేల్చుకోవాలి, కాదన్నవాళ్లకి నచ్చజెప్పాలి. నా దృష్టిలో నాయకత్వమంటే అదే. వేదికెక్కి మాట్లాడటం ఆ తర్వాత సంగతి.

మన కృష్ణా డెల్టాకి ఇలాంటి సేవ కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, శవాలకు దహన సంస్కారాలు చేసిన వాళ్లలోనూ స్వచ్ఛంద సేవకులున్నారు. ఎంత గుండెనిబ్బరం కావాలో ఆలోచించండి!

అయితే ఆపద వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు. అందుకే యువత సేవా క్లబ్బులు. రోటరీ వారి యువజన విభాగం రోటరాక్ట్‌లో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు చేరవచ్చు. ఏటా జూలైలో కొత్త కార్యవర్గం వస్తుంది. నిన్న రక్తదాన శిబిరంలో కుర్చీలు వేసిన అమ్మాయి రేపు అధ్యక్షురాలవుతుంది. లెక్కల పుస్తకం తనే చూపాలి, అలిగిన సభ్యుణ్ణి తనే పిలుచుకు రావాలి.

క్లబ్బు దగ్గర్లో లేదా? కాలేజీలో ఎన్.ఎస్.ఎస్., అంటే జాతీయ సేవా పథకం, ఉందేమో చూడండి. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైన పథకమది. వారం రోజులు పల్లెలో శిబిరం ఉంటుంది. పేరు ఇవ్వాలంటే మీ కాలేజీ ప్రోగ్రాం ఆఫీసరుని అడగండి.