సైగ కూడా మాటే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల సాయం గురించి, పెళ్ళిళ్ల సాయం గురించి పెద్దలు చెప్పారు. మేము చెవులు వినపడని పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాం. ఇది మా ఇంటి సంగతి. మీలో కొందరి ఇంటి సంగతి కూడా కావచ్చు.

మా అబ్బాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. చిన్నప్పుడు వాడు చేతులు కదిపితే "చేతులు దించు, నోటితో చెప్పు" అని గదమాయించేవాళ్లం. సైగలు అలవాటైతే ఇక మాట రాదని ఎవరో చెబితే నమ్మాం. తరువాత విశాఖలో బధిరుల బడిలో, హాస్టల్లో చేర్చాం. అక్కడ వాడికి భాష దొరికింది. సెలవులకు దేవరాపల్లి వస్తే మాత్రం మళ్ళీ మూగవాడయ్యేవాడు. ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదు కదా!

ఒక రంజాన్‌లో ఇఫ్తార్ దగ్గర అందరం ఏదో మాటకు నవ్వుకున్నాం. ఎందుకు నవ్వుతున్నారని వాడు అమ్మీ కొంగు పట్టి లాగాడు. "తర్వాత చెబుతాంలే" అన్నట్టు చెయ్యి ఊపాం. ఆ 'తర్వాత' ఎన్నడూ రాలేదు.

ఏడేళ్ల చెల్లెలు మాత్రం అన్న పక్కన కూర్చుని సైగలు నేర్చేసుకుంది. హాస్టలుకు పంపే ముందురాత్రి వాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే జ్వరమేమోనని ఒళ్ళు పట్టి చూశాం. అప్పుడా పిల్ల అంది: "నేనేం తప్పు చేశానని పంపేస్తున్నారు అని అడుగుతున్నాడు." ఎందుకు పంపుతున్నామో మూడేళ్లుగా వాడికి ఎవరమూ చెప్పలేదు. చెప్పడానికి మాకు భాష లేదు. ఆ రాత్రే మేమూ బడిపిల్లలమయ్యాం.

సైగల భాష అంటే ఊరికే చేతులు ఊపడం కాదు. దానికీ వ్యాకరణం ఉంది. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేవాలి. 'ఎక్కడ', 'ఏమిటి' అన్న ప్రశ్న చివర వస్తుంది, మన "నీ ఇల్లు ఎక్కడ?" లాగే. ఇంగ్లీషు అచ్చులు అయిదూ ఎడమచేతి అయిదు వేళ్ల కొసల మీదే ఉన్నాయి.

1880లో ఇటలీలోని మిలాన్‌లో ఉపాధ్యాయులు సభ చేసి, బధిరుల బడుల్లో నోటిమాటే నేర్పాలని, సైగలు వద్దని తీర్మానించారు. 2010లో వాంకూవర్ సభ ఆ తీర్మానానికి విచారం తెలిపింది. ఆ 130 ఏళ్లలో ఎందరు పిల్లల చేతులు కట్టుబడ్డాయో ఆలోచించండి. మేము మా వాడి చేతులు దించమన్నదీ ఆ తప్పుకు కొనసాగింపే.

మన దీన్‌లో సైగకు చిన్నచూపు లేదు. జకరియ్యా అలైహిస్సలామ్ మూడు రోజులు జనంతో సైగలతోనే మాట్లాడారని ఖురాన్ చెబుతోంది. ఉస్మానియా తుర్కుల కాలంలో 1876 నాటికి పూర్తయిన మజల్లా అనే న్యాయస్మృతి, మాట రానివారి తెలిసిన సైగను నోటిమాటతో సమానంగా ఒప్పుకుంది.

ఇప్పుడు సాధనాలకు లోటు లేదు. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021 నాటికి దాని నిఘంటువులో 10,000 పదాలు చేరాయి. వాటి వీడియోలు సెల్‌ఫోన్‌లోనే చూడవచ్చు. మన హైదరాబాదు వారైన నవాబు అలీ యావర్ జంగ్ పేరిట ముంబయిలో ఉన్న జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇక ఇంట్లో చేయవలసింది. రోజూ మగ్రిబ్ తరువాత అయిదు పదాలు: నీళ్లు, అన్నం, నొప్పి, భయం, ఎందుకు. నేర్పేది పిల్లవాడే, మనం శిష్యులం. పిలవాలంటే భుజం తట్టండి, లేదా లైటు ఒకసారి ఆర్పి వెలిగించండి. మొహం మీద వెలుగు పడేలా ఎదురుగా కూర్చోండి. తప్పులు పోతే వాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. దాదీలు, నానీలు కూడా నేర్చుకోవాలి. మా దాదీ "తిన్నావా?" అని మొదటిసారి సైగ చేసిన రోజున వాడు ఆమె చేతులు కళ్ళకద్దుకున్నాడు.

మొన్నటి సెలవుల్లో వాడు రైవాడ జలాశయం చూసివచ్చి, గేట్లలోంచి నీళ్లు ఎలా దూకాయో అరగంట సేపు చేతులతో చెప్పాడు. అందరం కదలకుండా 'విన్నాం'.

సంఘం వారికి మాదొకటే కోరిక. సెలవుల్లో వారానికొక పూట ఇలాంటి పిల్లల ఇళ్లవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. డబ్బు ఖర్చు లేదు. ఓపిక కావాలి, అంతే. ఏ పిల్లవాడికీ తన ఇంట్లో "తర్వాత చెబుతాం" అన్న జవాబు మిగలకుండా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలామ్.